ఎల్లాకి తెలుగు మాటలు: ఎనిమిది నెలల నా అనుభవం

2024 జనవరి 23, మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు పెట్టె ఉంది. భుజాన బ్యాగు కూడా దించకుండా వంటింటి బల్ల మీద పెట్టి టేపు కోశాను. ఐదు గుండ్రటి డబ్బాలు. మొదటిది తీస్తే పాత బీరువా వాసన. రెండోది తీయగానే ముక్కు మండింది. ఎవరో వెనిగర్ సీసా ఒలకబోసినట్టు పుల్లటి ఘాటు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఘాటుకా, భయానికా ఇప్పటికీ చెప్పలేను. 240 డాలర్లు పోసి కొన్న సినిమా కుళ్ళిపోయి వచ్చిందని అర్థమైంది.

ఆ సినిమా పేరు ఎల్లా సిండర్స్. 1926లో వచ్చిన మూకీ. ప్రేమ, హాస్యం కలిసిన కథ. కథానాయిక కొలీన్ మూర్. 1926, 27ల్లో అమెరికాలో జనం టికెట్టు కొని చూసిన తారల్లో మొదటి వరసలో ఉన్న మనిషి. వారానికి 12,500 డాలర్ల జీతం తీసుకున్న మనిషి. ఇవాళ పేరు చెబితే పదిమందిలో ఒకరికైనా తెలుస్తుందో లేదో.

నాకూ తెలియదు, 2023 అక్టోబర్ 14 దాకా. మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక్కడ తెలుగువాళ్ళం ఎంతమందిమి ఉన్నామో, మా ఇళ్ళకి పది నిమిషాల దూరంలో నైల్స్ అనే పాత వీధి ఉందని, చాప్లిన్ 1915లో అక్కడ షూటింగు చేశాడని తెలిసినవాళ్ళు అంత తక్కువ. 1913లో కట్టిన బుల్లి థియేటరు ఇంకా నడుస్తోంది. శనివారం రాత్రి మూకీ సినిమా వేస్తారు, పక్కన ఒకరు పియానో వాయిస్తారు. ఆ రాత్రి ఆట అయ్యాక బయటకి వస్తుంటే ఒక ఫొటో దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నుదుటి మీదకి తిన్నగా కత్తిరించిన నల్లటి జుట్టు, కొంటె చూపు. "ఈమె ఎవరు?" అని అడిగాను. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. అరగంట నిలబెట్టి చెప్పాడు. అసలు పేరు కాథ్లీన్ మారిసన్. ఒక కన్ను గోధుమ రంగు, ఇంకో కన్ను నీలం. ఆ కళ్ళు తెర మీద తేడాగా పడతాయేమోనని షికాగోలో ముందు పరీక్షగా షూట్ చేశారట, అదీ నైల్స్‌లో స్టూడియో పెట్టిన ఎస్సెనే కంపెనీ వాళ్ళ దగ్గరే. 1923లో ఆ జుట్టు కత్తిరించింది వాళ్ళమ్మే. దాంతో ఆమె రాత మారింది. దేశంలో ఆడపిల్లలు సగం మంది అలా కత్తిరించుకున్నారు అన్నాడాయన. ఆ జుట్టుతో పేరు తెచ్చిన ఫ్లేమింగ్ యూత్ సినిమాలో ఇప్పుడు మిగిలింది ఒక్క రీలు. తన సినిమాలు భద్రంగా ఉంటాయని ఆమె దాచమని ఇచ్చినవి కూడా పట్టించుకునేవాళ్ళు లేక పాడైపోయాయి. ఆమె బతికుండగానే. ఈ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది.

మూడు నెలలు ఎక్కడ దొరికితే అక్కడ చదివాను. 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తీసింది. అమెరికాలో తీసిన దాదాపు 11 వేల పెద్ద మూకీ సినిమాల్లో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. ఇంకో 11 శాతం పరాయి దేశాల కాపీల్లోనో, ఇంట్లో వేసుకునే చిన్న ఫిల్ము మీదో పూర్తిగా ఉన్నాయి. మనకి ఆ మాత్రం కూడా లేదు. రఘుపతి వెంకయ్య నాయుడుగారు, వాళ్ళబ్బాయి ప్రకాష్‌గారు 1921లో తీసిన భీష్మ ప్రతిజ్ఞ కాపీ ఒక్కటీ మిగల్లేదు. మనది చూడలేను. కనీసం ఇదైనా చూడాలి, అమ్మకి చూపించాలి అనుకున్నాను. అమ్మ మార్చిలో వస్తోంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. మూకీ అయితే భాషతో పనేముంది అనుకున్నాను. ఎంత పొరపాటో తర్వాత తెలిసింది.

నిజానికి ఎల్లా సిండర్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నేను చూసింది మాత్రం మసకమసకగా ఉంది, ముఖాలు తెల్లటి మరకల్లా ఉన్నాయి. ఆమె కళ్ళే కనబడకపోతే ఇంకేం చూస్తాం? అందుకని ఫిల్మే కొన్నాను. జనవరి 14 ఆదివారం రాత్రి వేలం ముగిసింది. 240 డాలర్లకి నాకు దక్కింది, రవాణాకి ఇంకో 38. సినిమా మొదట ఏడు రీళ్ళు. నాకు వచ్చింది ఇళ్ళలో వేసుకోవడానికి కుదించిన 16 ఎంఎం కాపీ, ఐదు రీళ్ళు.

వెనిగర్ సంగతి. కొనాలనుకునేవాళ్ళు ముందే తెలుసుకోవాలి, నాకు చెప్పినవాళ్ళు లేరు. ఈ రకం ఫిల్ము ఎసిటేట్ అనే ప్లాస్టిక్. వేడికి, తేమకి అది విరిగిపోతూ ఆమ్లం విడుదల చేస్తుంది, ఆ వాసనే అది. ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది. ఆపడం కుదరదు, చల్లగా ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన ఉన్న రీళ్ళకీ అంటుతుంది. ఆ రాత్రే రెండో రీలు విడదీసి గ్యారేజీలో వేరే అరలో పెట్టాను. అమ్మినాయనకి రాస్తే "పాత ఫిల్ము అలాగే ఉంటుంది" అని ఒక్క ముక్క జవాబు. కొనేముందు "వెనిగర్ వాసన ఉందా, ఏ రీలులో" అని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు.

రెండో రీలే ఎందుకు అంత బాధ అంటే, నేను చూడాలని తపించిన దృశ్యం అందులోనే ఉంది. కథానాయిక ఎల్లా, సినిమా నటన నేర్పే పుస్తకం పెట్టుకుని కళ్ళతో సాధన చేస్తుంది. ఒక కన్ను ఒక పక్కకి, ఇంకో కన్ను ఇంకో పక్కకి, దేని దారిన అది తిరుగుతుంది. ముఖాన్ని నిలువునా రెండు సగాలు చేసి ఒకే ఫిల్ము మీద విడివిడిగా తీసి కలిపారు. కంప్యూటర్లు లేని రోజుల్లో. నిజంగా రెండు రంగుల కళ్ళున్న మనిషి మీద.

ఆ ఫిల్మును ప్రొజెక్టర్‌లో పెట్టకండి. కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు పళ్ళచక్రానికి సరిపోవు, చిరిగిపోతుంది. పళ్ళు లేకుండా రోలర్ల మీద నడిపే స్కానర్లు ఉంటాయి, అలాంటి ల్యాబ్ వెతుక్కోవాలి. నాకు దొరికినవాళ్ళు అడుక్కి 30 సెంట్లు అన్నారు. ఐదు రీళ్ళు కలిపి 1,900 అడుగులు, అంటే 570 డాలర్లు. శుభ్రం చేయడానికి 75. ఫిబ్రవరి 5న పంపాను. మూడు వారాలన్నారు, ఏడు వారాలైంది. ఆ ఏడు వారాల టెన్షన్ చెప్పలేను. ఫోన్ చేస్తే "క్యూలో ఉంది". మెయిల్ చేస్తే జవాబు లేదు. మా ఆయన ఒక రోజు అన్నాడు, "పోయిందనుకో, నిద్రయినా పడుతుంది." నిద్ర పట్టలేదు.

మార్చి 17న అమ్మ తెనాలి నుంచి వచ్చింది. 25న హార్డ్ డిస్కు వచ్చింది, దానికో 65 డాలర్లు. రాత్రి పదింటికి అమ్మ పక్కన కూర్చుని పెట్టాను. మూకీల్లో మాటలు రాసి మధ్యమధ్యలో చూపే కార్డులుంటాయి, వాటిలో మొదటిదే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. గుండె జారింది. తర్వాత తెలిసింది, అది పెద్ద సమస్య కాదు. ఫిల్మును అవతలి వైపు నుంచి స్కాన్ చేశారు, ఎడిటింగ్‌లో ఒక్క నొక్కు నొక్కితే సరిగ్గా తిరుగుతుంది. కానీ నాలుగో రీలు వేరే కథ. ఫ్రేము కిందికి జారిపోయి అందరి తలలూ నుదుటి దగ్గర తెగిపోయాయి. మళ్ళీ పంపాల్సి వచ్చింది. డబ్బు అడగలేదు, పన్నెండు రోజులు పట్టింది. అందుకే చెబుతున్నాను, డిస్కు రాగానే ప్రతి రీలూ మొదలు, మధ్య, చివర చూడండి, వాళ్ళ దగ్గర మీ రీళ్ళు ఉండగానే.

రెండో రీలు? అంచులు అలల్లా ఊగుతున్నాయి, అక్కడక్కడ బూజు పట్టినట్టు చుక్కలు. కానీ మధ్యలో ఆ ముఖం ఉంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అమ్మ దుప్పటి ముసుగులోంచి ముందుకి వంగింది. "ఓసోస్, ఆ పిల్ల కళ్ళు చూడవే!" అని పకపకా నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వగా నేను వినలేదు.

తర్వాత పది నిమిషాలకి అడిగింది. "అదేంటి, అక్షరాలేం రాశాడు? ఆ ఐసు మోసే కుర్రాడు ఏమన్నాడు?" నేను రిమోట్ ఆపి చెప్పాను. ఇంకో కార్డు. మళ్ళీ ఆపాను. నాలుగోసారికి అమ్మ "పోనీలేవే, నీకు ఇబ్బంది" అని వెనక్కి వాలింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, కార్డులన్నీ తెలుగులోకి మార్చాలని. మూకీ సినిమా చెక్ భాషలో ఉన్నా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళున్నారు. కొలీన్ మూర్‌దే హర్ వైల్డ్ ఓట్ అనే 1927 నాటి సినిమా పోయిందనుకున్నాక ప్రాగ్ ఆర్కైవ్‌లో దొరికింది. కార్డులన్నీ చెక్‌లో ఉంటే తిరిగి ఇంగ్లీషు చేసి 2006లో వేశారు. వాళ్ళు చేసినప్పుడు మనమెందుకు చేయకూడదు?

హక్కుల గురించి భయపడ్డాను కానీ అవసరం లేదు. 1926 నాటి సినిమాల మీద అమెరికాలో హక్కులు 2022 జనవరి 1కల్లా ముగిసిపోయాయి. జాగ్రత్త పడాల్సింది సంగీతం దగ్గర. పాత సినిమాకి ఈమధ్య ఎవరో వాయించి జోడించిన సంగీతం వాళ్ళదే. అది వాడకూడదు.

ఏప్రిల్ 6 నుంచి మే చివరి దాకా రోజూ రాత్రి గంట, గంటన్నర అమ్మా నేనూ కూర్చున్నాం. వందకు పైగా కార్డులు. నేను అర్థం చెప్పేదాన్ని, అమ్మ మాట చెప్పేది. నేను రాసింది విని "ఇది ఎవరు మాట్లాడతారే?" అనేది. పేర్ల దగ్గరే రెండు వారాలు పోయాయి. ఆ ఐసు మోసే కుర్రాడి పేరు వెయిట్ లిఫ్టర్, ఇంగ్లీషులో చదివితే బరువులెత్తేవాడని. అమ్మ అరక్షణం ఆలోచించి "బరువయ్య" అంది. సరిపోయింది. ఎల్లాని చాకిరీతో చంపే సవతి తల్లి, ఇద్దరు కూతుళ్ళు. వాళ్ళ ఇంటిపేరు పిల్. మింగే మాత్ర అనీ, వదలని జిడ్డుమనిషి అనీ రెండర్థాలు. జిడ్డు అనే పెడదామనుకున్నాం, ఆ ఇంటిపేరు మనలో నిజంగానే ఉంది, వద్దనుకున్నాం. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అమ్మ తలుపు కొట్టింది. "పీడ! పీడ వాళ్ళు! అదే మోతలో ఉంది చూడు, పిల్లు, పీడ." ఇంత చక్కటి అనువాదం నేను పుస్తకాల్లో కూడా ఎక్కువ చూడలేదు.

ఒక రాత్రి పని మధ్యలో అమ్మ ఏదో గుర్తొచ్చి చెప్పింది. వాళ్ళ తాతయ్య చిన్నతనంలో తెనాలిలో డేరా సినిమాకి వెళ్తే, తెర పక్కన ఒకాయన నిలబడి ఆ అక్షరాలన్నీ గట్టిగా చదివేవాడట. చదువొచ్చినవాళ్ళు తక్కువ కదా. "ఆయన గొంతు కోసమే వెళ్ళేవాళ్ళమని చెప్పేవాడు తాతయ్య" అంది. నేను ఊకొట్టి తర్వాతి కార్డుకి వెళ్ళిపోయాను. అప్పటికి నా ధ్యాసంతా ఒత్తుల మీద ఉంది.

ఒత్తుల గోల ఏమిటంటే, నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు సరిగ్గా రాదు. "అక్క" అని కొడితే ఒత్తు కిందికి పోకుండా రెండు కలూ పక్కపక్కన పొడుచుకొచ్చేవి. "పెళ్ళి" అయితే చూడలేం. వారం రోజులు ఫాంట్లు మార్చి మార్చి విసిగిపోయాను. చివరికి కార్డులన్నీ వేరే ప్రోగ్రాంలో బొమ్మలుగా చేసి, ఆ బొమ్మల్ని సినిమాలో అతికించాను. ఇంకో మార్గం నాకు దొరకలేదు. చుట్టూ పాత కార్డుల అంచు బొమ్మ అలాగే ఉంచాను.

వేగం కూడా మనమే తేల్చుకోవాలి. ల్యాబ్ ఇచ్చేది ఫ్రేములు, సెకనుకి ఎన్ని నడపాలో మూకీలకి ఒకే లెక్క లేదు. 24 పెడితే అందరూ రైలు తప్పిపోతోందన్నట్టు నడుస్తున్నారు. 20 పెడితే నీళ్ళలో నడిచినట్టుంది. 22 దగ్గర మనుషులయ్యారు. 57 నిమిషాల సినిమా అయింది.

జూన్ 9, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఆట పెట్టుకున్నాం. క్లీనింగ్‌కి 50 డాలర్లు. కీబోర్డు వాయించడానికి పై అంతస్తులో కుర్రాడు ఒప్పుకున్నాడు, వద్దన్నా 100 చేతిలో పెట్టాను, నెల రోజులు సాధన చేశాడు మరి. మిర్చి బజ్జీకి, టీకి 90. మొత్తం నాకు అయింది 1,228 డాలర్లు. ఇందులో ఒక్క డాలరుకి కూడా నేను చింతించలేదు. మా ఆయనకి మాత్రం మొత్తం ఒకేసారి చెప్పలేదు.

ముప్ఫై నాలుగు మంది వచ్చారు. ఎక్కువమంది మా అమ్మలాగే పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వచ్చినవాళ్ళు. పగలంతా పార్కు బెంచీ మీద కూర్చుని ఎండ ఎప్పుడు దిగుతుందా అని చూసేవాళ్ళు. ముందు వరసలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు.

లైట్లు ఆర్పాం. రెండు నిమిషాలకే నా తప్పు తెలిసింది. తెలుగు కార్డుల్ని నేను ఇంగ్లీషు కార్డులున్నంతసేపే ఉంచాను. ఆ మాటే తెలుగులో పెద్దదవుతుంది, చదివేవాళ్ళు డెబ్భై దాటినవాళ్ళు. సగం వరస చదివేలోగా కార్డు వెళ్ళిపోతోంది. "ఏం రాశాడండీ?" "అయ్యో, పోయింది." గుసగుసలు మొదలయ్యాయి. గుంటూరు పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఒళ్ళో పెట్టేసుకున్నారు. నా కాళ్ళు చేతులు చల్లబడ్డాయి. ఆపి లాప్‌టాప్‌లో సరిచేయనా? నూరు కార్డులు, ఎలా? మీరెవరైనా చేస్తే కార్డుని కనీసం రెట్టింపుసేపు ఉంచండి, గట్టిగా రెండుసార్లు చదువుకుని చూసుకోండి.

అప్పుడు నా పక్క కుర్చీ ఖాళీ అయింది. అమ్మ లేచి, కొంగు నడుముకి దోపుకుని, తెర పక్కకి వెళ్ళి నిలబడింది. తర్వాతి కార్డు పడగానే గట్టిగా చదివింది. కార్డులు తనకి కంఠతా వచ్చు కదా. సవతి తల్లికి ఒక గొంతు. బరువయ్యకి ఇంకో గొంతు. "పీడ" అన్న చోట హాలంతా ఒక్కసారి గొల్లుమంది. కీబోర్డు కుర్రాడు అమ్మ వైపు తిరిగి, ఆమె చదివేటప్పుడు తగ్గించి, ఆపగానే పెంచడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడి ఏడుస్తున్నాను.

రెండో రీలు వచ్చింది. అంచులు ఊగుతున్నాయి. ఎల్లా పుస్తకం ముందు పెట్టుకుని కళ్ళు తిప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ చాలాసేపు కార్డు రాదు. అమ్మ చదవడం ఆపేసి తనూ తెర వైపు తిరిగింది. గుంటూరు పెద్దావిడ చెయ్యెత్తి అడిగారు, "ఏమంటోందమ్మా ఆ పిల్ల?"

"ఏమీ అనట్లేదండీ," అంది అమ్మ. "కళ్ళద్దాలు పెట్టుకోండి, చూద్దురుగాని."